కకారము: ప్రశ్నయే నామమైన అక్షరము

శ్రీగురుభ్యో నమః.

గడచిన కార్తికమాసములో ఒకనాటి హోమము ముగిసిన తరువాత, మా ఆలయమునకు నిత్యము వచ్చు యువకుడొకడు తీర్థము పుచ్చుకొని కదలక నిలబడి ఇట్లు అడిగినాడు: “స్వామీ, ఇప్పుడు మీరు చదివిన హిరణ్యగర్భ మంత్రాల్లో ప్రతిదాని చివరా ‘కస్మై’ అని వస్తుంది కదండీ. ‘ఏ దేవుడికి హవిస్సు ఇద్దాం’ అని దాని అర్థమట. ఎవరికి ఇస్తున్నామో తెలియకుండానే ఇస్తున్నామా? ‘కః’ అంటే ప్రజాపతి అని మనవాళ్లు చెప్పుకున్నది వట్టి పొరపాటని ఒక పుస్తకంలో చదివాను.”

“కః అనగా ప్రజాపతియే నాయనా, సాయణులవారు అట్లే వ్రాసినారు” అని చెప్పి పంపితిని. అతడు నమస్కరించి వెడలిపోయినాడు. కాని ఆ సమాధానము నాకే తృప్తినీయలేదు. నలుబది సంవత్సరములుగా స్వరము తప్పక పలుకుచున్న పదమునకు పెద్దలు చెప్పిన అర్థము తెలియును; ఆ అర్థము ఎందుకు అట్లయినదో తెలియదు. తెలిసికొనవలెనని గ్రంథములు తిరుగవేయగా, ఆ ఒక్క అక్షరము వెనుక ఎంత చరిత్ర ఉన్నదో గోచరించినది. జిజ్ఞాసువులతో పంచుకొనవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

అక్షరాకృతి

‘క’ కంఠస్థానమున పుట్టు వర్ణములలో ఒకటి. వర్ణమాలలో హల్లులకు ఇదియే మొదటిది. తెలుగునాట అక్షరాభ్యాసము జరిగిన ప్రతి శిశువు గుణింతమును ఈ అక్షరముతోనే ఆరంభించును. కాని ప్రాచీనకాలమున దీని రూపము వేరు. అశోకుని శాసనములలోని బ్రాహ్మీలిపిలో కకారము ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత మాత్రమే. నేటి కూడిక గుర్తు వంటిది. కర్నూలు మండలమందలి ఎఱ్ఱగుడి శిలలపై ఆ రూపమును నేటికిని చూడవచ్చును. క్రీ.శ. 3వ శతాబ్దిలో విజయపురిని ఏలిన ఇక్ష్వాకుల నాగార్జునకొండ శాసనములలో నిలువు గీత క్రిందికి పొడవుగా సాగి అలంకారముగా వంపు తిరిగినది. తరువాతి శతాబ్దములలో గీతలు గుండ్రనై, పైన తలకట్టు నిలిచి, క్రమముగా నేటి ‘క’ ఏర్పడినది.

లిపి ఇంతగా మారినను ఉచ్చారణస్థానము మారలేదు. వేదపఠనములో కకారమునకు ముందు వచ్చు విసర్గ సామాన్య విసర్గము కాదు, అది జిహ్వామూలీయము. ‘అంతఃకరణము’, ‘ప్రాతఃకాలము’ అను పదములను శాస్త్రీయముగా పలికినచో నాలుక మొదట ఒక రాపిడి వినబడును. దానిని వ్రాయుటకు ప్రాచీన శాసనములలో ప్రత్యేక చిహ్నము ఉండెడిది; వైయాకరణులు దాని ఆకారమును వజ్రముతో పోల్చిరి. నేటి తెలుగు లిపిలో ఆ చిహ్నము వాడుకలో లేదు. గురుముఖమున మాత్రము అది నిలిచియున్నది.

కోశములు చెప్పు అర్థములు

అమరసింహుడు నానార్థవర్గములో ఈ ఏకాక్షర శబ్దమునకు పుంలింగమున వాయువు, బ్రహ్మ, సూర్యుడు అని మూడర్థములను, నపుంసకలింగమున శిరస్సు, జలము అని రెండర్థములను చెప్పినాడు. అంతకు పూర్వుడైన యాస్కమహర్షి ‘కం’ అనునది సుఖనామమని నిరుక్తములో తెలిపినాడు.

ఈ అర్థములు కోశములలోనే నిలిచినవి కావు. మనము నిత్యము పలుకు మాటలలో దాగియున్నవి. నీటిలో పుట్టినది గావున పద్మము కంజము. శిరస్సును ధరించునది గావున మెడ కంధరము. జలమును ధరించునది గావున మేఘమునకును అదే పేరు. శిరస్సును పాలించునది గావున కపాలము.

అన్నిటికంటె మనోహరమైనది ‘నాకము’ అను పదము. ‘కం’ సుఖము. ‘అకం’ సుఖము కానిది, అనగా దుఃఖము. ఆ అకము లేనిది నాకము, స్వర్గము. యాస్కుడు ఈ నిర్వచనమును చెప్పినాడు. సంధిలో నకారము లోపింపక ఈ పదము నిలుచుటకు పాణిని ప్రత్యేక సూత్రమున దీనిని పఠించినాడు. స్వర్గమును నిర్వచించుటకు మన పూర్వులు అచ్చట ఏమేమి ఉన్నవో చెప్పలేదు. ఏది లేదో చెప్పినారు. ఈ విషయమును జ్ఞాపకముంచుకొనవలెను, దీనితో ముందు పని ఉన్నది.

‘కేశవ’ నామమునకు హరివంశము చెప్పిన వ్యుత్పత్తి భక్తులకు తెలిసినదే. కైలాసమున పరమశివుడే శ్రీకృష్ణుని స్తుతించుచు, ‘క’ బ్రహ్మ పేరనియు, తాను ఈశుడననియు, ఉభయులును ఆయన శరీరమునుండి పుట్టినవారగుటచే ఆయన కేశవుడనియు పలికినాడు. విష్ణుసహస్రనామములలో ‘కః’ ఒక నామము, దాని వెంటనే ‘కిం’ మరియొక నామము. భగవత్పాదులు మొదటిదానికి సుఖస్వరూపుడని భాష్యము వ్రాసిరి. రెండును ప్రశ్నార్థక పదములే. సహస్రనామ పారాయణము చేయువారు ఎంతమంది ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచించి యుందురో!

వ్యాకరణమున కకారము

పాణినీయములో కకారము పలుకబడకయే పనిచేయును. ప్రత్యయమునకు గుర్తుగా చేర్చిన కకారము లోపించును గాని, తాను ఉండిన ఫలమును విడిచిపోవును. ధాతువులోని అచ్చునకు గుణము రాకుండ అడ్డుపడును. ‘బుధ్’ ధాతువునకు ‘తవ్య’ చేరినపుడు గుణము వచ్చి ‘బోద్ధవ్య’ అగును. ‘క్త’ చేరినపుడు కకారమహిమచే గుణము రాక ‘బుద్ధ’ అగును. తెలియవలసినవాడు బోద్ధవ్యుడు, తెలిసినవాడు బుద్ధుడు. వినబడని ఒక్క అక్షరము ఆ రెండు రూపములకు నడుమ నిలిచియున్నది.

వినబడు ‘క’ ప్రత్యయము మరింత విచిత్రమైనది. అల్పార్థమున, నిందార్థమున అది వచ్చుట చాలమందికి తెలియును. అజ్ఞాతార్థమున కూడ అది వచ్చును. ఎవరి గుఱ్ఱమో తెలియనపుడు ఆ గుఱ్ఱము ‘అశ్వకము’. అనుకంపార్థమున కూడ అదియే వచ్చును. తండ్రి వాత్సల్యముతో ‘పుత్రక’ అని పిలుచును. ఎవరిదో తెలియనిదానికిని, మిక్కిలి ప్రియమైనదానికిని ఒకే ప్రత్యయము. ఇది వ్యాకరణములో యాదృచ్ఛికముగా కలిసినదే కావచ్చును. కాని వేదమున ‘క’ శబ్దమునకు పట్టిన దశను చూచినవారికి ఇది ఆశ్చర్యము కలిగింపదు.

ప్రజాపతికి ఈ పేరు ఎట్లు వచ్చినది?

ఋగ్వేద దశమమండలమందలి 121వ సూక్తము హిరణ్యగర్భసూక్తము. పది ఋక్కులలో తొమ్మిది ‘కస్మై’ అను పదముతో కూడిన ఒకే పాదముతో ముగియును. పదవది ప్రజాపతిని పేరుపెట్టి పిలుచును. తైత్తిరీయసంహిత నాలుగవ కాండమున కూడ ఈ మంత్రములు ఉన్నవి. తెలుగునాట కృష్ణయజుశ్శాఖీయులు అధ్యయనము చేయునవి ఇవియే.

ఆ పేరు వెనుకనున్న కథను ఐతరేయబ్రాహ్మణము చెప్పుచున్నది. ఇంద్రుడు వృత్రుని సంహరించి, సర్వవిజయములను పొంది ప్రజాపతికడకు వచ్చి, “నీవేదై యున్నావో అది నేను కావలెను, నీ మహత్త్వము నాకు కావలెను” అని కోరినాడు. అప్పుడు ప్రజాపతి, “అది నీకు ఇచ్చినచో, ఇక నేను ఎవడను?” అని అడిగినాడు. సంస్కృతమున ‘కః అహం’. ఇంద్రుడు, “నీవు ఇప్పుడు ఏమంటివో అదియే అగుము” అనినాడు. నాటినుండి ప్రజాపతి ‘క’ నామధేయుడైనాడు. తైత్తిరీయబ్రాహ్మణములోను ఇట్టి కథయే ఉన్నది. అచ్చట ప్రజాపతి తన తేజస్సును ఇంద్రునికి ఇచ్చునపుడు ఇదే ప్రశ్న పుట్టును, ఇదే పేరు వచ్చును.

ఈ కథను నేను బాల్యమున విన్నాను, నవ్వుకొన్నాను కూడ. ఇంద్రుడు మాటకు మాట చెప్పి తప్పించుకొన్నట్లు తోచినది. ఇప్పుడు చదువగా వేరొకటి కనబడినది. ప్రజాపతికి ఈ పేరు సృష్టి చేసినందువలన రాలేదు. తనదంతయు ఇచ్చివేసిన క్షణమున వచ్చినది. ఇచ్చిన తరువాత ఏమి మిగిలినదో దానికి వేరు మాట లేక, ఆ ప్రశ్నయే నామమైనది.

ఇది కేవలము కథ కాదు, కర్మలో పాతుకొన్న విషయము. చాతుర్మాస్యములలో వరుణప్రఘాసపర్వమున ‘క’ దేవతకు ఏకకపాల పురోడాశము విధింపబడినది. దానికి ‘కాయము’ అని పేరు. అశ్వమేధమున ‘క’ అను నామమును చతుర్థిలో చెప్పి ఒక ఆహుతి, ‘ఎవనికి’ అని ఒక ఆహుతి, ‘వారిలో ఏ ఒక్కనికి’ అని మరియొక ఆహుతి వరుసగా ఉన్నవి. మనుస్మృతి ప్రాజాపత్య వివాహమునకు కాయమను పేరు వాడినది. మన అరచేతిలో చిటికెనవ్రేలి మొదలు కాయతీర్థము. ఋషితర్పణమున జలము విడుచుట అచ్చటనుండియే. చదివినను చదువకున్నను, తర్పణము విడుచు ప్రతివాడును తన చేతిలో ఈ దేవతకు చోటిచ్చియున్నాడు.

ఆక్షేపము, సమాధానము

ఇక ఆ యువకుడు చదివిన ఆక్షేపమునకు వత్తము. 19వ శతాబ్దిలో మాక్స్ ముల్లర్ పండితుడు, సూక్తములోని ‘కస్మై’ కేవలము ప్రశ్నార్థక సర్వనామమనియు, బ్రాహ్మణగ్రంథకర్తలు ఆ ప్రశ్నను ఒక దేవతగా కల్పించిరనియు విమర్శించెను. 1891లో ప్రకటించిన తన అనువాదమున ఆ సూక్తమునకు ‘అజ్ఞాత దేవునికి’ అను అర్థము వచ్చు శీర్షికను ఉంచెను. ఆయన వేదమునకు చేసిన సేవను కాదనుట నా ఉద్దేశము కాదు. సాయణభాష్యముతో ఋగ్వేదమును అచ్చువేయించిన మహానుభావుడాయన. ఆక్షేపములో బలమును ఉన్నది. ‘క’ అనునది రాముడు, కృష్ణుడు వలె ఒక పేరైనచో, చతుర్థిలో ‘కాయ’ అని ఉండవలెను. ‘కస్మై’ అనుట సర్వనామమునకే చెల్లును.

అయితే ఈ శంక క్రొత్తది కాదు. క్రీ.పూ. 2వ శతాబ్దివాడని చెప్పబడు పతంజలి దీనిని ముందే ఎత్తి చర్చించినాడు. పాణిని ‘కాయ’ హవిస్సు అను రూపమును సాధించుటకు అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయము రెండవ పాదమున 25వ సూత్రమును చేసినాడు. దానిపై మహాభాష్యమున పతంజలి ఇట్లు విచారించెను: ఈ ‘క’ ప్రశ్నార్థక సర్వనామమా, కాదా? సర్వనామమైనచో హవిస్సు ఇచ్చునపుడు ‘కస్మై’ అనవలెను. కానిచో ‘కాయ’ అనవలెను. ఆయన చూపిన మొదటి సమాధానము ఇది: ఎట్లయినను ‘కస్మై’ అనియే అనవలెను. ఏలయన, సర్వమునకు పేరగునది సర్వనామము, ప్రజాపతి సర్వము, ప్రజాపతియే ‘క’. ఇతరుల మతముగా రెండవ సమాధానమును కూడ ఇచ్చెను: ఎట్లయినను ‘కాయ’ అనియే అనవలెను, ఇది ఆ పూజ్యుని సంజ్ఞ, సంజ్ఞయైనపుడు సర్వనామకార్యము రాదు.

దీనినిబట్టి ఒక సంగతి స్పష్టము. మన పూర్వులు ఆ పదము ప్రశ్న అని ఎరుగక పొరబడలేదు. ప్రశ్న అని బాగుగా ఎరిగియే దానిని నామముగా స్వీకరించిరి. అశ్వమేధమంత్రములో నామరూపము, ప్రశ్నరూపము ప్రక్కప్రక్కనే ఉండుట అందుకు సాక్ష్యము. సాయణాచార్యులును హిరణ్యగర్భసూక్త భాష్యమున ఒకే అర్థమును పట్టుకొనలేదు. ప్రజాపతి స్వరూపము ఇట్టిదని నిర్ణయించి తెలియబడనిది గావున ‘క’. సృష్టిని కోరినవాడు గావున ‘క’. సుఖరూపుడు గావున ‘క’ అని వికల్పములు చెప్పిరి. మొదటి అర్థము ఆ పాశ్చాత్యపండితుని అర్థమునకు ఎంత సమీపమో చూడుడు. భేదము ఒక్కటియే. ఆయన దృష్టిలో తెలియకపోవుట వెలితి. సాయణుల దృష్టిలో తెలియబడనితనము ఆ దేవుని లక్షణము.

ఉపకోసలుని శంక

ప్రశ్నకును సుఖమునకును సంబంధమేమి? ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయమున దీనికి దారి దొరకును. ఉపకోసలుడు సత్యకామ జాబాలుని శిష్యుడు. పండ్రెండు సంవత్సరములు గురువుగారి అగ్నులను సేవించినాడు. గురువు ఇతర శిష్యులకు సమావర్తనము చేసి పంపినాడు గాని ఇతనిని పంపలేదు. గురుపత్ని ఇతని తరఫున పలికినను, ఉపదేశింపకయే గురువు ప్రయాణమై పోయినాడు. శిష్యుడు మనోవ్యథతో ఆహారము మానివేసినాడు. అప్పుడు తాను సేవించిన అగ్నులే జాలిపడి, ప్రాణము బ్రహ్మమనియు, ‘క’ బ్రహ్మమనియు, ‘ఖ’ బ్రహ్మమనియు ఉపదేశించినవి.

ఉపకోసలుడు తలయూపి ఊరకుండలేదు. ప్రాణము బ్రహ్మమని తెలిసినది గాని, ‘క’ను ‘ఖ’ను ఎరుగనని నిష్కపటముగా చెప్పినాడు. అందులకు అగ్నులు, ఏది ‘క’యో అదియే ‘ఖ’ అనియు, ఏది ‘ఖ’యో అదియే ‘క’ అనియు పలికినవి.

భగవత్పాదుల భాష్యము ఇచ్చట మిక్కిలి వెలుగునిచ్చును. లోకములో ‘క’ అనగా సుఖము. అది ఇంద్రియములవలన కలిగి క్షణములో నశించునది. ‘ఖ’ అనగా ఆకాశము. అది విశాలమే గాని జడము. రెండును వేర్వేరుగా బ్రహ్మము కానేరవు. ఒకదానిని మరియొకటి విశేషించినపుడు, ఆకాశమువలన సుఖమునకు నశ్వరత్వము తొలగును, సుఖమువలన ఆకాశమునకు జడత్వము తొలగును. మిగిలినది హద్దులేని ఆనందము. బ్రహ్మసూత్రముల మొదటి అధ్యాయము రెండవ పాదమున 15వ సూత్రము ఈ ప్రకరణమునే స్మరించుచున్నది.

నాకమును గూర్చి జ్ఞాపకముంచుకొనుడని మొదట అంటిని. దుఃఖము లేనిచోటు అని స్వర్గమును నిర్వచించినట్లే, ఇచ్చటను హద్దు లేని సుఖము అని హద్దును తీసివేయుట వలననే బ్రహ్మము చెప్పబడినది. తీసివేయగా మిగిలినదే ‘క’. సర్వమును ఇచ్చివేయగా మిగిలిన ప్రజాపతియు ‘క’. రెండును ఒకే వస్తువును చూపుచున్నవి.

మంత్రమున, గణితమున

శ్రీవిద్యోపాసకులకు కకారము ప్రాణప్రదము. పంచదశీమంత్రమున కాది, హాది అను రెండు సంప్రదాయములు ప్రసిద్ధములు. ఆద్యక్షరమునుబట్టియే ఆ పేర్లు వచ్చినవి. కాదివిద్యలోని పదునైదు అక్షరములకు ఒక్కొక్కదానికి ఇరువది నామముల చొప్పున లలితాత్రిశతి కూర్చబడినది. అందు మొదటి నామమే అమ్మవారిని కకారరూపిణిగా స్తుతించును. మంత్రములో ఆ అక్షరము మూడు మారులు వచ్చుటచే, మూడువందల నామములలో అరువది కకారముతో మొదలగును. ఇంతకుమించి వ్రాతలో చెప్పరాదు, గురుముఖమున గ్రహింపవలెను.

గణితజ్ఞులకు ‘క’ ఒకటి. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమున అది 1. కటపయాది పద్ధతిలోను అది 1. సంగీతాభ్యాసకులు 72 మేళకర్తలలో మొదటిదానిని ‘కనకాంగి’ అనుటలో ఈ రహస్యమే ఉన్నది. ‘క’ ఒకటి, ‘న’ సున్న. అంకెలను కుడినుండి ఎడమకు చదువగా 01. భూతసంఖ్యా పద్ధతిలో ఆకాశవాచకమైన ‘ఖ’ శబ్దమునకు సున్న అని అర్థము.

కోఽహం

వేదమున ప్రజాపతి నోట వెలువడిన ప్రశ్న అక్కడనే ఆగిపోలేదు. ఒక ఉపనిషత్తు ‘కేన’ అను పేరుతోనే ప్రసిద్ధమైనది. ‘దేనిచేత’ అను ప్రశ్నతో అది ఆరంభమగును. అందును విజయగర్వముతోనున్న దేవతల ఎదుట ఒక యక్షము నిలిచినపుడు, అది ఏమిటో వారికి తెలియలేదు. ఐతరేయమున వృత్రవధానంతరము ఇంద్రుడు మహత్త్వమును అడుగుటకు పోయినాడు. కేనమున అదే ఇంద్రుడు యక్షము అదృశ్యము కాగా, అచ్చటనే నిలిచి ఉమాదేవిని ప్రశ్నించినాడు. అడిగి తెలిసికొన్నందువలననే దేవతలలో శ్రేష్ఠుడైనాడు.

మన కాలమునకు వత్తము. అరుణాచలమున మౌనముగా కూర్చున్న ఒక తపస్వి తన్ను ఆశ్రయించినవారికి ‘నేనెవడను’ అను విచారమునే ఉపదేశించెను. తమిళమున ‘నాన్ యార్’, సంస్కృతమున ‘కోఽహం’. ఆ తపస్వికి 1907లో ‘భగవాన్ శ్రీ రమణమహర్షి’ అని నామకరణము చేసినవారు మన బొబ్బిలి ప్రాంతమున కలవరాయి గ్రామమున జన్మించిన కావ్యకంఠ గణపతిముని. మహర్షి ఆ ప్రశ్నను మాటలతో సమాధానము చెప్పుటకు ఇయ్యలేదు. ‘నేను’ అను తలపు ఎక్కడనుండి పుట్టుచున్నదో అచ్చటికి మరలి పోవుటకు ఇచ్చెను. సర్వమును విడిచినపుడు మిగులు ప్రశ్న అది. ప్రజాపతి అడిగినదియు అదియే.

గత ప్రదోషమున ఆ యువకుడు మరల కనబడినాడు. పిలిచి కూర్చుండబెట్టి ఇదంతయు చెప్పితిని. ఓపికగా విని, “అయితే ఎవరికి ఇస్తున్నామో తెలిసి ఇస్తున్నామా, తెలియక ఇస్తున్నామా స్వామీ?” అని అడిగినాడు. నేను తెలిసినంత చెప్పితిని: “నాయనా, పేరు తెలిసినచో ఇంత ఇచ్చితిని, ఇంత కావలెనని బేరము పెట్టెదము. ‘ఎవనికి’ అని అడుగుచు ఇచ్చువాని చేతిలో బేరము ఉండదు. ఆ ఇచ్చుటలో కలుగు సుఖమును కూడ మన పెద్దలు ‘కం’ అనిరి. ఇంతకంటె నాకు తెలియదు.”

అతడు ఏమనుకొన్నాడో నేనెరుగను. నా సంగతి చెప్పెదను. నాటినుండి హోమములో ‘కస్మై’ అని పలుకునపుడు, నాలుక తొందరపడుట లేదు. నలుబది సంవత్సరములు స్వరముగా పలికిన పదమును ఇప్పుడు ప్రశ్నగా కూడ పలుకుచున్నాను. పారాయణము చేయు భక్తులును సహస్రనామములలో ‘కః’ వచ్చినపుడు ఒక్క శ్వాసకాలము ఆగి, ఆ నామమును తమకు తాము వేసికొను ప్రశ్నగా చదువుదురుగాక.

స్వస్తి. లోకాః సమస్తాః సుఖినో భవంతు.